మొండోడి తరఫున

ఆ హాల్లో అతణ్ణి అందరూ అద్దాల తమ్ముడని పిలిచేవారు. వీధి మలుపులో కళ్ళద్దాల దుకాణం నడుపుకొనే మనిషికి గో ఆట పోటీలో ఏం పనని కొత్తవారు అడిగితే, పాతవారు నవ్వి, "ఆయన మాస్టారి చెయ్యి" అనేవారు.

మాస్టారు అతని అన్నగారు, లెక్కల ఉపాధ్యాయుడు. బడి ముగిశాక కంప్యూటరు ముందు కూర్చుని, గో ఆడే ప్రోగ్రామొకటి సొంతంగా రాసుకున్నారు. అటువంటి ప్రోగ్రాములు ఏటేటా ఒకదానితో ఒకటి తలపడే పోటీ అది. ఆడేవి యంత్రాలే అయినా, గళ్ళు గీసిన చెక్కబల్లమీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టడానికి మనిషి కావాలి. మాస్టారి చేతికి వణుకు. ఒక రాయి పెట్టబోతే మూడు కదిలేవి. అందుచేత తెర చూసి చోటు చెప్పడం అన్నగారి వంతు, రాయి పెట్టడం తమ్ముడి వంతు అయింది. సన్నని మరలు బిగించే వేళ్ళు కనుక అతడు పెట్టిన రాయి పెట్టినట్టే ఉండేది.

ఆ ప్రోగ్రాముకు హాల్లో స్థిరపడిన పేరు మొండోడు. తక్కినవి గెలుపు ఆశ అడుగంటితే ఓడిపోయామని తెరమీద తామే చూపి తప్పుకొనేవి. మొండోడికి మాస్టారు ఆ మాట నేర్పలేదు.

"అదేంటి మాస్టారూ, నాలుగు ముక్కలు రాస్తే అయిపోతుందిగా?" అని ఎవరైనా అడిగితే, "ఆడటం దానికి నేర్పాను. ఇక చాలనడం మనిషి చెయ్యాల్సిన పనయ్యా. అదీ దాని నెత్తినే పెడితే నేనెందుకిక్కడ, టీ తాగడానికా?" అనేవారు.

ప్రోగ్రాము తరఫున కూర్చున్న మనిషి దాని ఓటమిని ఒప్పుకోవచ్చునని పోటీ నియమం. సమయం చూసి మాస్టారు, ఓటమికి గుర్తుగా రెండు రాళ్ళు బల్ల అంచున పెట్టి, "ఓడిపోయాం. బాగా ఆడారు" అనేవారు. చేయి ఎంత వణికినా ఆ రెండు రాళ్ళను మాత్రం తమ్ముణ్ణి ముట్టనిచ్చేవారు కారు.

"తొందరపడ్డావన్నయ్యా, ఇంకాసేపు చూడాల్సింది" అని తమ్ముడు ఇంటిదాకా సణిగేవాడు.

"నీదెప్పుడూ ఇంకాసేపేరా! సినిమా అయిపోయి లైట్లు వేసినా కుర్చీ వదలవు."

ఆ 'ఇంకాసేపు' ఆసుపత్రిలోనూ అతణ్ణి వదలలేదు. కిందటేటి పోటీ అయ్యాక మంచాన పడ్డ అన్నగారికి తమ్ముడు తప్ప వేరే దిక్కు లేదు. "ఇక బాధ తప్ప మిగిలిందేం లేదండీ. మీరు సరేనంటే ఊపిరి యంత్రం తీసేస్తాం" అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "ఇంకొక్క రోజు చూద్దామండీ" అన్నాడు. మర్నాడూ అదే అన్నాడు, ఆ మర్నాడూ అదే. ఆ రోజులన్నీ అన్నగారి వేళ్ళు దుప్పటిమీద దేనికోసమో తడుముకుంటూనే ఉన్నాయి. చివరకు ఎవరి సెలవూ అడగకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆ వేళ్ళు మాత్రం తమ్ముడి కళ్ళముందునుంచి పోలేదు.

ఈ ఏడు అతడొక్కడే వచ్చాడు. తెర తానే చూశాడు, రాయి తానే పెట్టాడు. ఒక్క ఆటైనా గెలవని ప్రోగ్రాముకు మరుసటి ఏడు చోటుండదని కొత్తగా నియమం పెట్టారు. మొండోణ్ణి సరిదిద్ది రాయగలవారు ఇక లేరు. ముందటి ఆటలన్నింటినీ అతడు చిట్టచివరి రాయిదాకా సాగనిచ్చి పోగొట్టుకొన్నాడు. మిగిలింది ఒక్క ఆట. అన్నగారి ఆలోచన ఈ లోకంలో ఇంకా కదులుతున్న చోటు ఆ బల్ల ఒక్కటే.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నదే. తన ప్రోగ్రామును బుజ్జిదని పిలుచుకొనేది.

"బాబాయ్, మీ మొండోడు మా బుజ్జిదాన్ని ఏడిపించకుండా చూడండి."

"వాడికి చిన్నాపెద్దా తెలీదమ్మా. నీకంటే ముందొచ్చినవాళ్ళందర్నీ ఏడిపించాడుగా!"

సగం ఆటదాకా ఆశ నిలిచింది. ఒకచోట మొండోడు, మాస్టారు ఇష్టపడే తీరున, ఎవరూ పట్టించుకోని మూలన రాయి పెట్టించాడు. అమ్మాయి కనుబొమలు ఎగరేసింది. అతని గుండె ఉప్పొంగింది. అయితే ఆ మూల మొండోడి నల్లరాళ్ళ చుట్టూ అమ్మాయి తెల్లరాళ్ళు ఒక్కొక్కటే బిగుసుకొన్నాయి. గో ఆటలో చుట్టూ ఖాళీ లేని గుంపు ఊపిరాడక చచ్చినట్టు లెక్క. ఆ గుంపంతా బల్లమీదనుంచి లేచిపోయింది.

అప్పటినుంచి మొండోడు అర్థంలేని చోట్ల రాళ్ళు పెట్టించసాగాడు. తెల్లరాళ్ళు గట్టిగా ఆక్రమించిన చోట ఒకటి, ఎందుకూ కొరగాని అంచున ఒకటి.

వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకడు కిసుక్కున నవ్వాడు. "మొండోడికి మతి పోయిందిరోయ్!"

"పోయేముందు అంతేరా, చేతికేది తగిలితే అది పట్టుకుంటారు" అన్నాడు రెండోవాడు.

రాయి పట్టుకొన్న అతని చేయి గాలిలోనే ఆగింది. దుప్పటిమీది వేళ్ళు కనిపించాయి.

రెఫరీ వచ్చి పక్కన వంగాడు. "మాస్టారుంటే ఈపాటికి లేచేవారు తమ్ముడూ. మీరు సరేనంటే ఆపేద్దాం. కాదంటే ఆడించుకోండి, మీ హక్కే."

"ఇంకొక్క..." అని అతడు ఆగిపోయాడు.

తెరమీద తరువాతి చోటు మిణుకుమంటోంది. మునుపటిదాని పక్కనే, అంతే వ్యర్థంగా. చేతిలోని రాయికి తోడు డబ్బాలోనుంచి మరొకటి తీశాడు. రెండూ బల్ల అంచున పెట్టబోయాడు. ఏనాడూ వణకని ఆ చేయి వణికింది. మూడు రాళ్ళు కదిలాయి.

"ఓడిపోయాం. బాగా ఆడావమ్మా."

అమ్మాయి గెలిచిన సంతోషం పైకి కనబడనీయలేదు. తెల్లరాళ్ళు ఏరుతూ, నల్లవి అతనివైపు జరుపుతూ, "వచ్చే ఏడు మా దానికి రాళ్ళు పెట్టకూడదూ బాబాయ్? మీ చెయ్యి లేకపోతే హాలు బోసిపోతుంది" అంది.

"చూద్దాం" అనబోయి, "రానమ్మా" అన్నాడు.

తెరమీద ఆ చోటు ఇంకా మిణుకుమంటూనే ఉంది. ఆట అయిపోయిన సంగతి మొండోడికి తెలియదు, పెట్టబోయే రాయికోసం ఎదురుచూస్తున్నాడు. అతడు రాళ్ళడబ్బా మూత బిగించాడు. తెరమీద అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. తరువాత ఆపే మీట తన వేలితోనే నొక్కాడు.