పాత బేరింగ్ లేని గిరాకీ

2022 ఎండాకాలం. మంచిర్యాలలో నా బేరింగుల దుకాణానికి అప్పటికి ఇరవై రెండేళ్లు. మా వ్యాపారంలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. బేరింగును ఎవరూ ఎంచుకోరు. పాడైనది చేతిలో పట్టుకొని వస్తారు, దాని అంచు మీది నంబరు చదివి మేము అలాంటిదే ఇస్తాం. బోరు మోటారుకైనా, పిండి గిర్నికైనా అంతే. నంబరు అరిగిపోయినా వేలితో తడిమి చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ రోజు ఓదెలన్న వచ్చాడు. నస్పూర్ మనిషి. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పంపులు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. ఎనిమిది మిల్లీమీటర్ల షాఫ్టుకు రెండు బేరింగులు కావాలన్నాడు. అలవాటుగా పాతది తెచ్చావా అని అడిగాను.

"పాతది యాడుంటది సేటు? ఇది ఇంక పుట్టనే లే."

ఇంట్లో చిన్న గ్యాస్ టర్బైన్ చేస్తున్నాడట. విమానం ఇంజన్ లాంటిదే, కాకపోతే పాల క్యానంత కూడా ఉండదు. ముందు చక్రం గాలిని లోపలికి నొక్కుతుంది, నడుమ కిరోసిన్ మండుతుంది, ఆ వేడి గాలి వెనుక చక్రాన్ని తిప్పుతుంది. రెండు చక్రాలకూ ఒకటే షాఫ్టు. ముందుది పాత లారీలో ఇంజన్‌కు గాలి నొక్కే టర్బోలోంచి తీశాడు. వెనుకది మాత్రం ఎనిమిది నెలలు కూర్చొని ఆకురాయితో తనే అరగదీసి చేశాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన ఆ చక్రాన్ని విప్పి చూపిస్తుంటే చేతులు వణికాయి. వణుకు ఈ మధ్యే మొదలైందట.

"ఇంకోటి చెయ్యాలంటే నాతోని కాదు," అన్నాడు.

నేను చూసింది షాఫ్టు సైజు ఒక్కటే. 608 నంబరువి, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి తీసిచ్చాను. మా బొగ్గు ప్రాంతంలో దుమ్ము లోపలికి పోకుండా ఎవరికైనా సీలువే ఇస్తాం. విమానం ఇంజన్ అని చెవిన పడ్డాక కూడా ఎంత వేగంతో తిరుగుతుందని అడగలేదు. ఆయనేమో గని అలవాటు కొద్దీ సీలు ఎత్తి, లోపల ఇంకింత గ్రీజు కూరి బిగించాడు. గనిలో నీళ్లు చొరబడకుండా అలాగే చేస్తారు.

వారానికి తిరిగొచ్చాడు. మంట పెట్టకముందు కంప్రెసర్ గాలితో తిప్పి చూశాడట. స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి, పిడి చెవికి ఆనించి వినడం పంపు ఫిట్టర్ల పద్ధతి. సన్నగా కీచుమన్న మోత వినగానే గాలి ఆపేశాడు. మోత వచ్చిన బేరింగు విప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గ్రీజు నల్లబడింది. గోళీలను ఎడంగా ఉంచే పట్టీని మేము కేజ్ అంటాం, అది చీలింది.

చక్రం ఎలా ఉందని అడిగాను.

"చక్రానికేం కాలే. ఇంకో నిమిషం తిరిగితే తునకలైతుండె."

తప్పు నాదేనని ఒప్పుకొని క్యాటలాగ్ తెరిచాను. ఆయన లెక్కన షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు తిరగాలి. నేనిచ్చిన రకానికి రాసి ఉన్న హద్దు అందులో పావు వంతు కూడా లేదు. ఆయనకు కావలసింది యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగ్, అంటే షాఫ్టు ముందుకు తోసే బలాన్ని కూడా ఓర్చుకునేది. గోళీలు సిరామిక్‌వి కావాలి, ఉక్కుకంటే తేలిక, వేడికి తట్టుకుంటాయి. ఆ వేగానికి సీలు రాసుకొని వేడెక్కుతుంది, గ్రీజు మాడుతుంది కాబట్టి సీలు ఉండకూడదు. గ్రీజు బదులు, కిరోసిన్‌లో కొంచెం కలిపిన టర్బైన్ ఆయిల్ సన్న గొట్టంలోంచి అందుతుండాలి. హైదరాబాద్ నుంచి తెప్పించాను.

గ్రీజు వద్దన్న మాటే ఆయనకు మింగుడుపడలేదు. "ముప్పై ఏండ్లు గ్రీజు పెట్టిన చెయ్యి సేటు, ఉత్తగ ఎట్ల బిగిస్తది?" అన్నాడు. మర్నాడు తన గ్రీజు డబ్బా తెచ్చి నా దుకాణంలో పెట్టి పోయాడు, ఇంట్లో ఉంటే చెయ్యి ఆగదని.

ఇంజన్‌కు మంట పెట్టే రోజు రమ్మని పిలిచాడు. ఈసారి కూడా తప్పుది ఇచ్చానేమోనని భయపడి నేను వెళ్లలేదు. ఇసుక బస్తాల చాటున నిలబడి నడిపానని సాయంత్రం ఫోన్‌లో చెప్పాడు.

మరుసటి ఎండాకాలం మళ్లీ వచ్చాడు. చేతుల వణుకు ఎక్కువైంది. కాగితం పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఈసారి పాతయి తెచ్చిన సేటు."

చేతిలోకి తీసుకున్నాను గానీ నంబరు చదవలేదు. ఎంత వేగంతో తిరిగాయి, ఎన్ని గంటలు తిరిగాయి అని ముందు అడిగాను. ఇప్పుడు బోరు మోటారు గిరాకీలనూ అదే అడుగుతున్నాను, కొందరు విసుక్కుంటారు కూడా. చక్రం సంగతి అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. నా మొహం చూసి ఆయనే అన్నాడు:

"ఫికర్ చెయ్యకు. చక్రం గట్లనే ఉన్నది."