సత్యవేణి వరండా చదువు

ఒడిశాలోని సునాబెడ ఫ్యాక్టరీలో మిషన్ల మీద పనిచేసే విష్ణువర్ధన్ భార్య సత్యవేణికి, కూతురు చదివే సర్కారు బడి మీద చాలాకాలం గొప్ప నమ్మకం ఉండేది. నాలుగో తరగతికి వచ్చేసరికి ధరణికి రాని విద్య లేదు. సభలకు కుర్చీలు వరుసగా వెయ్యడం వచ్చు. ఏ అధికారి వచ్చినా గేటు దగ్గర ఎండలో పూలగుత్తితో నవ్వుతూ నిలబడడం వచ్చు. స్వాగత నృత్యంలో వెనక వరుసలో ఎవరికీ అడ్డం రాకుండా తిరగడం కూడా వచ్చు. భాగహారం ఒక్కటే రాదు.

ఒక సాయంత్రం జామకాయలిచ్చి ఇంట్లోవాళ్లందరికీ సమానంగా పంచమంటే, ధరణి చాలాసేపు ఆలోచించి అన్నీ నానమ్మ ఒళ్లో పోసేసింది. పిల్లకి చదువు బాగా వంటబడుతోందని నానమ్మ పాపాయమ్మ మెచ్చుకుంది.

మర్నాడు సత్యవేణి బడికి వెళ్లింది. టీచరు సస్మిత మంచి మనిషే. రెండు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక చేత్తో ఓటర్ల జాబితా, ఇంకో చేత్తో మధ్యాహ్నం కోడిగుడ్ల లెక్క చూసుకుంటోంది. పాఠం చెప్పడానికి దేవుడు ఆవిడకి మూడో చెయ్యి ఇవ్వలేదు. తన అవస్థంతా ఒడియాలో వెళ్లబోసుకుంది. తిట్టడానికి వెళ్లిన సత్యవేణి ఆవిడను ఓదార్చి ఇంటికొచ్చింది.

"రేపట్నుంచి అమ్మి బడికెళ్లదు. నానే ఇంటికాడ సదివిస్తాను," అంది మొగుడికి అన్నం వడ్డిస్తూ.

విష్ణువర్ధన్ ముద్ద ఆపలేదు. "నువ్వు ఇంటర్లో లెక్కలు తప్పేవు గదే?"

"తప్పేను కాబట్టే, ఎక్కడ తప్పుతారో నాకు తెలుస్తాది."

ఆయన వరండా గోడకి నల్లబల్ల ఒకటి వంకరగా బిగించి, ఫ్యాక్టరీలో మాత్రం ఈ ఆలోచన మొదట తనకే వచ్చిందని చెప్పుకున్నాడు. పాపాయమ్మ విజయనగరంలోని చుట్టాలకు వరసగా ఫోన్లు చేసి, పిల్లకి ఒంట్లో బాగులేక బడి మాన్పించామని చెప్పింది. పక్క క్వార్టరు లక్ష్మిప్రియ అయితే, పాపం పిల్ల ఫెయిలయిందా అని ఎంతో ప్రేమగా ఆరా తీసింది.

మొదట్లో తల్లీకూతుళ్లు ఇద్దరూ ఏడ్చారు. భాగహారం అంత తేలిగ్గా లొంగలేదు. సంతకు తీసుకెళ్లి కూరగాయల బేరం అప్పగిస్తే, తూకమూ ధరా కుదుర్చుకునే తొందరలో పిల్లకి లెక్క పట్టుబడింది. వానాకాలం వెళ్లేసరికి ఒడియా పేపరు తడబడకుండా చదివి, తెలుగులో అర్థం చెప్పసాగింది.

అది చూసిన లక్ష్మిప్రియ మర్నాడే తన పిల్లలిద్దర్నీ పలకలతో సహా దింపి వెళ్లింది. ఒక్క గంటేనంది. ఆ గంట పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగింది. అంతవరకూ నవ్విన తల్లులందరికీ హఠాత్తుగా ఇంటి చదువు మహిమ తెలిసొచ్చింది. చదువు ఇంట్లోనే చెప్పాలి, అయితే సత్యవేణి ఇంట్లో. వరండా నిండిపోయింది. సత్యవేణి గొంతు పెరిగింది. చిన్నవాళ్లకి అక్షరాలు దిద్దించే పని ధరణికి పడింది.

ఒకరోజు పిల్లలు వెళ్లాక ధరణి తల్లి పక్కన చేరింది.

"అమ్మా, నాకు మళ్లీ ఇంటికాడ సదువు ఎప్పుడు సెప్తావే?"

సత్యవేణికి చివుక్కుమంది. రాత్రంతా అదే ఆలోచన. తెల్లారాక తల్లులందరికీ చెప్పేసింది, పొద్దుటి పూట తన కూతురికే, మిగతా పిల్లలు సాయంత్రం ఒక గంట వస్తే చాలునని. లక్ష్మిప్రియ మొహం మాడ్చుకుంది. ఈ కాలం టీచర్లకి పొగరెక్కువని నలుగురి ముందూ అనేసింది.

తనను టీచరని ఒకరు అనడం సత్యవేణికి అదే మొదలు. కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తేలక, లోపలికెళ్లి ధరణికి భిన్నాలు మొదలుపెట్టింది. అవి నేర్చుకోవడం ఒకరికి కొత్త, నేర్పడం ఇంకొకరికి కొత్త.