హీరోగారి తుమ్ములు

హీరోగారికి ఒకటే జబ్బు. తను తీస్తున్న షాటును తనే చెడగొట్టుకుంటారు.

ఏళ్ల తరబడి తెరను ఏలిన మనిషి. డైరెక్టరయినా అందరికీ ఇంకా హీరోగారే. "యాక్షన్" అని కంచు మోగినట్టు అరుస్తారు. షాటు మంచి రసపట్టులో ఉండగా పైకప్పు అదిరేలా తుమ్ముతారు. తుమ్ము రాకపోతే దగ్గు. అదీ రాకపోతే "శెభాష్!" అని తొడ చరుస్తారు.

ముందుగా బలయ్యేది సౌండ్ ఇంజనీరు. సెట్లో దోమ పాడినా ఊరుకోని ఘటం. హెడ్‌ఫోన్లలో ఆ తుమ్ము పిడుగులా పడేది.

"సార్, నా చెవులు పోతున్నాయి!"

"ఏం చెయ్యనయ్యా, సెట్లో అందరూ నా మాట వింటారు, ముక్కు తప్ప."

నిర్మాత స్వయానా ఆయన బావమరిది. షూటింగ్ నత్తనడక నడుస్తుంటే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"బావా, తప్పు నటులదైతే ఈ పూటే మార్చి పారేద్దును. నిన్నేం చెయ్యను?"

"నాదేరా తప్పు. మీ అక్కనడుగు, ఇంట్లోనూ ఇంతే."

చివరికి బావమరిది తెగించి ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి తలుపేయించాడు. "యాక్షన్" తనే అన్నాడు.

లోపల కెమెరా ముందు, ఒకప్పుడు ప్రతి సినిమాలోనూ హీరోగారికి తల్లిగా వేసిన పెద్దావిడ. రెండు వాక్యాలు చక్కగా చెప్పింది. మూడోదాని ముందు ఊపిరి బిగబట్టింది. హెడ్‌ఫోన్లలో అది విని సౌండ్ ఇంజనీరు చెవులు రిక్కించాడు. రోజూ తుమ్ముకు ముందు వినిపించే ఊపిరి ఇదే! డైలాగు మరిచిపోయిన ఊపిరి. అవును, హీరోగారు తుమ్మిందల్లా ఈవిడ షాట్లలోనే. ఆవిడ తడబాటు ఎవరి కంటా పడకముందే నింద తన నెత్తిన వేసుకున్నారు ఆ మహానుభావుడు.

బావమరిది కుర్చీలోంచి లేచి పెద్దావిడ వైపు చురచురా చూస్తున్నాడు. ఇంకొక్క క్షణమైతే ఆవిడ వేషం పోయేదే.

"హా...చ్!"

సెట్టంతా ఉలిక్కిపడింది. తుమ్మింది సౌండ్ ఇంజనీరు!

"నువ్వు కూడానా? ఇదేమన్నా అంటురోగమా?" బావమరిది తల పట్టుకున్నాడు.

వరండా తలుపు కాస్త తెరుచుకుంది. హీరోగారి తల లోపలికొచ్చింది.

"అమ్మా, వీళ్ల జలుబులతో వేగలేం గానీ, మొదట్నించీ ఇంకోసారి చెప్పేద్దామా?"

ఈసారి ఆవిడ మూడు వాక్యాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సౌండ్ ఇంజనీరు రుమాలు తీసి, లేని జలుబును శ్రద్ధగా తుడుచుకున్నాడు.