ఇన్‌స్పెక్టరుగారి ఇత్తడి గుండు

తూనికలు, కొలతల ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసిన ఆ ఇన్‌స్పెక్టరును బజారులో ఎవరూ హోదాతో పిలవలేదు. అందరికీ ఆయన ముల్లుసారు. తక్కెడ ముందు కూర్చుంటే ముల్లు ఊగడం ఆగేదాకా రెప్ప వేసేవాడు కాదు. టీ తెచ్చి పెడితే చల్లారిపోయేది. ముల్లు నిలిచాకే ఊపిరి వదిలేవాడు. "అది ఆగేలోపు మీరు ఆగిపోయేట్టున్నారు సారూ" అని ఉల్లిపాయల వర్తకుడు ఒకసారి అన్న మాట బజారంతా తిరిగి ఆయన చెవినే పడింది. ఆయనకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ముల్లు ఆగకముందే చూడ్డం మానేస్తే చూసినట్టు కాదు కదా అనుకున్నాడు, అంతే.

ఆయన లోకమంతా ఒక చెక్కపెట్టెలో ఉండేది. లోపల ఆకుపచ్చ మఖమలు పరిచి, గుంటకొకటి చొప్పున ఇత్తడి గుండ్లు అమర్చి ఉండేవి. కొట్లలో వాడే ఇనుప రాళ్లను వాటితో సరిచూడాలి. రాయి బరువెక్కువుంటే దాని అడుగున పోసిన సీసం కొంచెం తొలవాలి. తక్కువుంటే కొంచెం నింపాలి. సరిపోయాక సీసం మీద ఆ ఏటి ముద్ర కొట్టాలి. మిగతా ఇన్‌స్పెక్టర్ల గుండ్లు నల్లబడి, చేతి మరకలతో ఉండేవి. ఈయన గుండ్లలో మొహం చూసుకోవచ్చు. రోజూ పొద్దున్న ఆఫీసుకు రాగానే పాలిష్ పొడి అద్దిన గుడ్డతో ఒక్కో గుండునూ తళతళలాడేదాకా తుడిస్తేగానీ సంతకం పెట్టేవాడు కాదు. కట్టుకున్నదాన్ని ఇంత శ్రద్ధగా ఏనాడూ చూసుకోలేదని భార్య దెప్పేది.

ఆ భార్యకు అన్నగారు అదే ఇంటి పైవాటాలో ఉండేవాడు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. బావా అంటే బావా అని ఒకరినొకరు పిలుచుకుంటూ ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క చోటికే చేరేది. మనకు ఒకటి తెలిసింది సరే, ఆ తెలిసింది నిజమేనని ఎలా తెలుస్తుంది? మరో జ్ఞానంతో సరిచూసుకున్నాకే నిజమని చెప్పగలం అంటారు నైయాయికులు. అలా కాదు, తెలియగానే నమ్మేస్తాం, అది తప్పని తేల్చడానికే ఇంకొకటి కావాలి అంటారు మీమాంసకులు. ముల్లుసారు పుస్తకాలు పెద్దగా చదివినవాడు కాడు గానీ, విన్న మొదటి వారమే నైయాయికుల పక్షం చేరిపోయాడు. తూచనిది నమ్మకపోవడమే తన ఉద్యోగం అనేవాడు.

"మరి మీ గుండును ఎవరు తూచారు బావా?"

"ప్రయోగశాలలో పెద్ద గుండు ఉంటుంది."

"దాన్ని?"

"దానికీ పైన ఒకటుంటుంది."

"పైదాన్ని?"

"మీ చెల్లెలు కాఫీకి పిలుస్తోంది, లేవండి."

ఇలా ఏళ్లు గడిచాయి. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడనగా పెద్దాఫీసు నుంచి తనిఖీ బృందం వచ్చి, చెప్పాపెట్టకుండా బజారులో దిగింది. వాళ్ల పెట్టె వాళ్లే తెచ్చుకున్నారు. ఆ రోజు వాళ్లు ఎక్కింది ఒక్క మేకుల కొట్టు మెట్లే. తల్లి దగ్గర్నుంచి ఆ కొట్టు అందుకుని పాతికేళ్లుగా నడుపుతున్న ఆవిడకు నోటి దురుసే గానీ చేతివాటం లేదని వడ్రంగులకు నమ్మకం. ఆవిడ రెండు కిలోల రాయి నాలుగు గ్రాములు తక్కువ తూగింది. అడుగున సీసం తొలిచిన గుర్తు కొట్టొచ్చినట్టు కనపడింది. రాళ్లన్నీ సంచిలో వేసుకుని, పది రోజుల్లో విచారణకు రమ్మని చెప్పి, కొట్టు పేరు బజారు గేటు దగ్గర బోర్డు మీద అంటించి వెళ్లారు. మర్నాటి నుంచి ఆవిడ పక్కకొట్టు రాళ్లతో తూస్తుంటే, వడ్రంగులు జేబులో చిన్న కాటాలు పెట్టుకుని రాసాగారు. మేకులతో పాటు నీ బొటనవేలు కూడా తూగుతోందేమో చూసుకో అక్కా అని ఒకడు నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాట కాబట్టి ఆవిడకు తిరిగి తిట్టే వీలు కూడా లేకపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆ సీసం తొలిచింది మీరు" అంది. "మీ చేత్తో తొలిచారు, మీ చేత్తో ముద్ర కొట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను."

"ఎక్కువుంది కాబట్టే తొలిచానమ్మా."

"దేనికంటే ఎక్కువ?"

ఇత్తడి గుండు కంటే అని చెప్పబోయి ఆయన పెట్టెకేసి చూశాడు. అప్పటికే ఆవిడ గుమ్మం దాటింది.

ఆయన రిజిస్టర్లు తీయించాడు. ఇనుప రాయి వాడేకొద్దీ అరుగుతుంది, బరువు తగ్గుతుంది. కాబట్టి ఏటా ఎక్కువ రాళ్లకు సీసం నింపాల్సి రావాలి. పాత రిజిస్టర్లలో అలాగే ఉంది. నింపడమైనది, నింపడమైనది అని వరసగా ఆయన చేతిరాతే. గత ఐదేళ్లలో మాత్రం పేజీకి పేజీ తొలగించడమైనది అని ఉంది. బజారులోని ఇనుమంతా ఏటికేడు బరువెక్కుతోందన్నమాట. ఇంత వింత తన చేత్తోనే రాసుకుంటూ ఒక్కసారీ ఎందుకు అనుమానించలేదో ఆయనకు అంతుపట్టలేదు. ఆ ఐదేళ్లూ ప్రయోగశాల కొత్త భవనంలోకి మారుతూనే ఉంది. ఈ ఏడు గుండ్లు సరిచూడ్డానికి పంపనక్కరలేదు, పాత ధ్రువపత్రమే చెల్లుతుంది అని ఏటా ఒక ఉత్తరం వచ్చేది. ఆ ఉత్తరాలనూ ఆయన జాగ్రత్తగా ఫైలు చేశాడు.

ఆ సాయంత్రం ఆదివారం కాకపోయినా పైవాటా మెట్లెక్కాడు. బజారులో రాళ్లన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి కదా బావా, కొన్నవాడికీ అమ్మినవాడికీ తేడా రాలేదు, ఐదేళ్లు వ్యవహారం హాయిగా నడిచింది, అయినా తప్పెలా అవుతుంది అని అడిగాడు. అడగడమే గానీ తప్పేనని ఆయన గొంతులోనే ఉంది. బావగారు ఎప్పటిలా ఎగతాళి చేయలేదు. పని జరగడమే జ్ఞానానికి గుర్తు అన్న బౌద్ధులకు కూడా మీ బజారు తలనొప్పే అన్నాడు. కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పాడు.

"తప్పు తెలియడానికి రెండే దారులు బావా. దాన్ని కాదనే జ్ఞానం ఇంకోటి ఎదురు రావాలి. లేదా అది పుట్టిన చోట దోషం బయటపడాలి. మొదటిది ఆ తనిఖీవాళ్లు తెచ్చేశారు. రెండోది మీ పెట్టెలో ఉందో లేదో మీరే చూసుకోవాలి."

"ఉంటే?"

"ఉంటే నన్నడగకండి. నేను చెప్పింది పాఠం. పెట్టె మీది."

మర్నాడు సెలవు పెట్టి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి ప్రయోగశాలకు వెళ్లాడు. అద్దాల అరలో ఉన్న తక్కెడ ముందు తెల్లకోటు మనిషి గుండ్లను పటకారుతో ఒక్కొక్కటే ఎక్కించాడు. మిగతావి కొద్దికొద్దిగా తగ్గాయి. రోజూ ఎక్కువగా వాడేదీ, అందుకే ఎక్కువగా తోమేదీ రెండు కిలోల గుండు. అది నాలుగు గ్రాములు తక్కువ. ఆ మనిషి గుండును వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది అరగలేదు సార్, అరగదీశారు" అన్నాడు.

బయట బెంచీ మీద ముల్లుసారు ఒక గంట కూర్చున్నాడు. మురికి పట్టనిచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఒళ్లు దాచుకునే ఇన్‌స్పెక్టరు చేతిలో ఆ గుండు నల్లగా, నిజంగా ఉండేది.

తిరిగొచ్చి సంగతి చెప్పాడు. ఆఫీసులో పై అధికారి మంచివాడే. తలుపు వేసి కూర్చోబెట్టి మాట్లాడాడు. గుండ్లు మార్పిద్దాం, వచ్చే తనిఖీలో బజారు రాళ్లన్నీ నెమ్మదిగా సరిచేద్దాం, ఎవరికీ తెలియక్కరలేదు అన్నాడు. చివరి ఏడాది రావాల్సిన పదోన్నతి కాగితం తన బల్ల మీదే ఉందని కూడా చూపించాడు. మరి మేకుల కొట్టు సంగతేమిటని ముల్లుసారు అడిగితే, ఆవిడకు హెచ్చరికతో పోతుందిలెండి అన్నాడు. ఆవిడ మీద పడ్డ మచ్చ హెచ్చరికతో పోయేది కాదని ఈయనకు తెలుసు. కాటాలు పట్టుకొచ్చే వడ్రంగులకు హెచ్చరికల గోల పట్టదు.

విచారణలో ఆయన ప్రయోగశాల కాగితం బల్ల మీద పెట్టి, నాలుగు వాక్యాలు చెప్పి కూర్చున్నాడు. రాయి తొలిచింది నేను. నా గుండు తక్కువ. తక్కువని నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం మాత్రం రిజిస్టరులో ఐదేళ్లుగా ఉంది. ఆఖరి వాక్యం అక్కరలేదని పక్కనున్న గుమాస్తా కాలితో తన్నాడట. అప్పటికే చెప్పేశాడు.

పదోన్నతి కాగితం బల్ల మీది నుంచి లేచిపోయింది. మందలింపు ఒకటి చేతికి వచ్చింది. ఆవిడ రాళ్లు ఆవిడకు తిరిగి ఇచ్చారు. బజారు బోర్డు మీద పెట్టడానికి ఆఫీసు తయారుచేసిన ప్రకటనలో సాంకేతిక కారణాల వల్ల అని ఉంది. ఆయన దాన్ని కొట్టేసి, ఇన్‌స్పెక్టరు వాడిన గుండు బరువు తగ్గి ఉన్నందువల్ల అని రాసి, తనే తీసుకెళ్లి అంటించాడు. తర్వాత కొత్త పెట్టెతో కొట్టు కొట్టుకూ తిరిగి, తొలిచిన సీసమంతా మళ్లీ నింపడం మొదలుపెట్టాడు. ప్రతి కొట్టులోనూ సంగతి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చేది. ఇంట్లో భార్య కనిపెట్టిందేమిటంటే, ఆ నెలంతా ఆయన రాత్రి అన్నం ఎక్కువ తిన్నాడు.

మేకుల కొట్టుకు వెళ్లేసరికి ఒక వడ్రంగి రెండు కిలోల మేకులు తూయించుకుంటున్నాడు. ముల్లుసారు రాయి అడుగున సీసం పోసి, తూచి, ముల్లు ఆగేదాకా చూసి, ముద్ర కొట్టాడు. వడ్రంగి అంతా గమనించి, అయితే ఐదేళ్లుగా మాకు తక్కువొచ్చినట్టేగా అక్కా అన్నాడు.

"వచ్చింది" అంది ఆవిడ. "రెండు కిలోలకు నాలుగు గ్రాములు. అదెంతో చూస్తావా?"

డబ్బాలోంచి ఒక మేకు తీసి ఒట్టి పళ్లెంలో వేసింది. ముల్లు కొంచెం కదిలింది. ముగ్గురూ వంగి చూశారు. వడ్రంగి నమ్మలేనట్టు పళ్లెంలోకీ ఆవిడ మొహంలోకీ మార్చి మార్చి చూశాడు.

"ఒక్క మేకా?"

"ఒక్క మేకే."

అతను దాన్ని తీసుకుని పొట్లంలో వేసుకున్నాడు. జేబులోంచి తన చిన్న కాటా తీసి, దీన్ని కూడా ఒకసారి చూడండి సారూ అని ముల్లుసారు చేతికిచ్చాడు.