రాగి లగ్గు కింద తెల్లపొడి

మొన్న జగ్గయ్యపేటలోని మా షెడ్డులో ఒక పాత కారు ఎర్తు వైరు విప్పుతుంటే తెల్లటి పొడి రాలి నా వేళ్ళ మీద పడింది. సున్నంలా గరుగ్గా ఉండే ఆ పొడి తగిలితే చాలు, నాకు మాధవరావు గారు గుర్తొస్తారు.

నందిగామలో చందర్లపాడు రోడ్డు మీద ఉండేది ఆయన షెడ్డు. ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని, ఆడపిల్ల చేతికి స్పానరిచ్చే వాళ్ళెవరా అని తిరిగి తిరిగి చివరికి ఆయన దగ్గరికి వెళ్ళాను. కాగితాలు చూడలేదు. బిగుసుకుపోయిన బోల్టొకటి చూపించి విప్పమన్నారు. విప్పాను. "రేపు తొమ్మిదింటికి వచ్చెయ్ అమ్మాయ్. జుట్టు ముడేసుకుని రా, ఫ్యాను బెల్టుకి మొహమాటం ఉండదు" అన్నారు. అంతే, ఉద్యోగం వచ్చేసింది.

ఏడాది తిరిగాక జరిగిందిది. పెనుగంచిప్రోలు మిర్చి రైతు వెంకటేశ్వర్లు గారు వాళ్ళమ్మని డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు విజయవాడ తీసుకెళ్ళేవారు. ఒకరోజు కీసర దగ్గర టీకి ఆగితే కారు మళ్ళీ స్టార్టు కాలేదు. పెద్దావిడని బస్సెక్కించుకుని వెళ్ళాల్సి వచ్చింది. కారును మా షెడ్డుకి లాక్కొచ్చారు. "బ్యాటరీ పోయిందండి" అన్నాను నేను, చూసీ చూడకుండానే. మాధవరావు గారు మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. ఆయన బండి కిందికి దూరి, అల్యూమినియం గేర్‌బాక్సుకి బిగించిన ఎర్తు వైరు విప్పారు. దాని చివర బోల్టు దూరే రాగి బిళ్ళ, లగ్గు అంటాం, దాని కింద అంతా తెల్లపొడి.

"రాగినీ అల్యూమినియాన్నీ ఒట్టిగా ఆనించి బిగిస్తే, మధ్యలోకి తడి చేరిందా, అల్యూమినియం ఇట్టా పొడైపోద్ది. ఇహ కరెంటుకి దారేదీ?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఈ లగ్గు ఎవరేశారు?" అని అడిగారు.

వేసింది నేనే. వానలకు ముందు పాత వైరు తెగితే మార్చాను. తగరం పూత ఉన్న లగ్గులు అయిపోయాయని చేతికందిన ఒట్టి రాగిది వేసి, గ్రీజు కూడా పూయకుండా బిగించేశాను. ఆ మాట చెప్పాను కానీ, వెంటనే, "వానలకి పాడైందని చెబుదామండీ" అని కూడా అన్నాను.

"వానేం చేసిందమ్మా పాపం? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తానండి."

పొడి గీకి, సరైన లగ్గు వేసి, గ్రీజు పూసి, అదే కారులో ఇద్దరం పెనుగంచిప్రోలు వెళ్ళాం. దారి పొడుగునా ఆయన పైరుల గురించే మాట్లాడారు. నేను జరిగింది చెప్పగానే వెంకటేశ్వర్లు గారి మొహం ఎర్రబడింది. "ఆరోజు బస్సు దొరక్క మా అమ్మకేవన్నా అయ్యుంటే?" అన్నారు. మాధవరావు గారు నా పక్కనే నిలబడ్డారు. మంచం మీది పెద్దావిడే లేచి కూర్చుంది. "ఊరుకోరా. తప్పు చేశానని ఇంటికొచ్చి చెప్పిన మెకానిక్కుని ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తన్నా. ఇక మీదట మన బండి ఈ పిల్లే చూడాల" అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన అడిగింది ఒక్కటే. "అట్టాంటి లగ్గు ఇంకెన్ని బళ్ళకేశావ్?"

"రెండిటికండి."

"రేపు పిలిపించు."

పిలిపించాను, మార్చాను. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. పైగా వచ్చినవాళ్ళతో, "అమ్మాయి చూసిందంటే నేను చూసినట్టేనండి" అనడం మొదలుపెట్టారు. ఆ మాట మొదటిసారి విన్నరోజు ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళాను.

ఆయన పోయి మూడేళ్ళు. నాకిప్పుడు సొంత షెడ్డుంది, తప్పులూ ఉన్నాయి. పోయినవారం ఒక టీచరమ్మ గారి కారు పంపేశాక, బ్రేకు గొట్టం క్లిప్పు బిగించలేదేమోనని అనుమానమొచ్చింది. వెంటనే ఫోన్ చేసి, "పొరపాటు నాదేనండి. బండి కదపకండి, నేనే వస్తున్నా" అన్నాను. ఆవిడ, "సరేనమ్మా, రండి. మా అక్క బండి కూడా ఒకసారి చూసి పెడతారా?" అంది.