పాట మారినప్పుడు ఏం చెయ్యాలి

మా పిన్ని తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లెలో బడి పంతులమ్మగా చేసి రిటైరయింది. ఆ ఊరి చర్చిలో తెర కట్టి పాటల చరణాలు చూపించడం మొదలుపెట్టినప్పుడు, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పని ఆమెకు అప్పజెప్పారు. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తీరిక వేళల్లో తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలిపెట్టింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు తెలుగులో లేవు. నెల్లూరులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కాబట్టి, నేను రాస్తానన్నాను.

శ్రద్ధగానే రాశాను. ఏ మెనూలో ఏముందో, ఏ బటన్ దేనికో వరసగా వివరించి, ప్రింటు తీసి పిన్నికి పంపాను.

ఆ ఆదివారం పాస్టరు గారు ప్రసంగం ముగించి, అనుకున్న పాట కాక ఇంకోటి అందుకున్నారట. పిన్ని కంగారులో ఏదో నొక్కింది. తెర మీద పాట పోయి, ఆ ల్యాప్‌టాప్‌లోనే తెరిచి ఉంచిన ఆమె వాట్సాప్ వచ్చింది. రొయ్యల కూరలో చింతకాయ వెయ్యాలా, మామిడికాయ వెయ్యాలా అని వాళ్లక్కతో, అంటే మా అమ్మతో, సాగుతున్న చర్చను సంఘమంతా చదివింది. పాట నోటికి వచ్చినవాళ్లు నవ్వాపుకుంటూనే పాట పూర్తి చేశారు. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, ఇంక కూర్చోనంది. నేను పంపింది చదవలేదా అని అడిగాను.

"అంతా చదివినా. ఏది ఏడుందో రాసినావు. పాట మారితే నేనేం చెయ్యాల్నో రాయలేదు," అంది.

మనసు చివుక్కుమంది. అయినా తర్వాతి ఆదివారం బస్సెక్కి వెళ్లి, ఆమెను బతిమాలి కూర్చోబెట్టి, వెనక కూర్చుని చూశాను. ఆమె చూపు పాస్టరు గారి మీద, చెయ్యి మౌస్ మీద. పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత సమయమే ఉంది. ఇక కాగితాలు తిరగేసేదెప్పుడు?

అన్నాలయ్యాక, అక్కడ ఏమేం జరుగుతుంటాయో అడిగాను. ఆమె చెప్పిన మాటలనే శీర్షికలుగా పెట్టాను: పాస్టరు గారు వేరే పాట అందుకుంటే. తెర నల్లబడితే. అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తే. ప్రతిదాని కిందా చెయ్యాల్సిన పని ఒక్కటే, పొట్టిగా. ల్యాప్‌టాప్ ఎన్నడూ ముట్టని పక్కింటి అక్కను పిలిచి, ఆ కాగితాలిచ్చి కూర్చోబెట్టాం. ఆమె ఆగిన చోటల్లా వాక్యం మార్చాను. ఎస్కేప్ నొక్కండి అన్నచోట వెతుక్కుంటుంటే, అది కీబోర్డులో ఎడమవైపు పై మూల ఉంటుందని చేర్చాను. సాయంత్రానికి ఆ అక్క తనంతట తనే పాట మార్చి, పిన్ని వైపు చూసి నవ్వింది.

ఆ పేజీలను సాఫ్ట్‌వేర్ బృందానికి పంపాను. అక్కడ వాటిని చూసుకునే ఆమె, వేరే దేశంలో ఉండే, నేను ముఖమెరుగని మనిషి, శీర్షికల అర్థం అడిగి తెలుసుకుని, ఇంగ్లీషు పేజీలు కూడా ఇదే పద్ధతిలో మార్చుదామంది. ఆ మాట పిన్నికి చెప్పాను.

"ఆ దేశంలో పాస్టర్లు కూడా చెప్పకుండా పాట మారుస్తారా?" అని అడిగింది.

మారుస్తారట అన్నాను. ఇప్పుడు పిన్ని, పక్కింటి అక్క వంతులేసుకుని కూర్చుంటున్నారు.

ఈమధ్య సంగం అనే ఊరి చర్చి నుంచి ఒకరు, మా పేజీలు చూసి, పాట వెనక బొమ్మ పెడితే అక్షరాలు కనబడటం లేదని నాకు రాశారు. ముందు వాళ్లకు ఫోన్ చేసి, గదిలో వెలుతురు ఎటునుంచి పడుతుందో కనుక్కోమంది పిన్ని. కనుక్కున్నాను. ఇప్పుడు ఆ పేజీ రాస్తున్నాను.