గోడ చెప్పిన జోస్యం

కుర్చీలోంచి లేవకుండా, ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒకే ఆదివారం పొద్దున్న నేను రెండు కొంపలు ముంచాను. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా దీవిలో షాదీపూర్ నుంచి జంగ్లీఘాట్ దాకా అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పట్లో నాకు టీవీలో ఎం.ఎం.ఎ. ఫైట్ల పిచ్చి. ఇనపకంచె లోపల ఇద్దర్ని వదిలి, గుద్దులూ తన్నులూ కుస్తీపట్లూ ఏదైనా సరే కానివ్వండి అంటారు చూడండి, అది. చూసేవాడికి అందులో ఓ సుఖముంది. అక్కడ వాళ్ళ పక్కటెముకలు విరుగుతుంటే ఇక్కడ మనం ఇడ్లీ తింటూ, "అలా కాదురా, ఎడమచెయ్యి పైకెత్తు" అని సలహా ఇవ్వచ్చు. నా మటుకు నేను జన్మలో కొట్టినవి రెండే: ఇంట్లో దోమలు, ఆఫీసులో స్టాంపులు.

పెళ్ళయిన కొత్త. మా మామగారు నూకరాజు గారు ముప్పయ్యేళ్ళు చేపల బోటు నడిపిన మనిషి. నేనేమో జెట్టీకి కట్టేసిన బోటులో నిలబడి కూడా వాంతి చేసుకున్న గుమాస్తాని. ఆయన నన్ను పల్లెత్తు మాట అనేవారు కాదు. వలలో పడ్డ పనికిరాని చేపని చూసినట్టు ఓసారి చూసి ఊరుకునేవారు. ఆ నోట ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ అవకాశం గోడ రూపంలో వచ్చింది. మా అద్దె ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. అవతల ఉండేది రాకేష్ భయ్యా, జీపు డ్రైవరు. ఆయనకీ ఇదే పిచ్చి. ఆయనది డిష్, నాది నెట్. మా దీవుల్లో నెట్ ఎలాంటిదంటే, ఆయన టీవీలో పడ్డవాడు నా టీవీలో పడటానికి అరనిమిషం పట్టేది. ఈలోగా ఆయన కేక పెట్టేవాడు. గోడలకి చెవులుంటాయంటారు. మా గోడకి నోరుంది.

ఓ ఆదివారం మామగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను గోడకి తల ఆనించి ఉన్నాను. "లాల్‌వాలా గిర్ గయా!" అని అవతల్నుంచి కేక వినబడింది.

"ఇప్పుడు ఎర్ర నిక్కరువాడు పడిపోతాడు చూడండి" అన్నాను ఆయన చెవి దగ్గర, తాపీగా.

వాడు పడ్డాడు. మామగారు నా వైపు తిరిగారు. కాళ్ళు కడిగి పిల్లనిచ్చినప్పుడు కూడా ఆయన నన్ను అంతసేపు చూడలేదు.

"నీకెలగ తెలిసినాది అల్లుడూ?"

"నిలబడే తీరులోనే తెలిసిపోతుంది మామయ్యా."

గోడ సంగతి ఆయనకి తెలిసే వీలు లేదు. ముప్పయ్యేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులవి. పైగా టీవీ సౌండు ఆయన కోసం ఫుల్లుగా పెట్టేవాణ్ణి. అలా నాలుగు ఆదివారాలు నేను చెప్పింది చెప్పినట్టు జరిగింది. నాలుగోసారి ఆయన శభాష్ కూడా అన్నారు. అక్కడితో ఆపేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఐదో ఆదివారం ఆయన జంగ్లీఘాట్ నుంచి తన ఈడు బోటువాళ్ళని రెండు ఆటోల నిండా వేసుకొచ్చారు. అందరివీ ఇంజను చెవులే. వాళ్ళలో పోలయ్య గారికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"జరగబోయీది మడిసికి తెలుత్తాదేటి? తెలిత్తే తుఫానెప్పుడో సెప్పమను."

మామగారు మీసం మీద చెయ్యి వేశారు. నలభయ్యేళ్ళుగా పెంచిన మీసం. ఆయన్ని దూరం నుంచి గుర్తుపట్టేది దాన్నిబట్టే.

"ఇయ్యాల మా అల్లుడి మాట తప్పితే ఇది తీసేత్తాను పోలయ్యా."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. గోడ ఉందిగా అని ఊరుకున్నాను.

ఫైటు మొదలైంది. ఎర్ర నిక్కరూ నల్ల నిక్కరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్నారు. ఇంతలో గోడ అదిరింది.

"మార్! కాలే కో మార్!"

"నల్లవాడికి మూడింది" అన్నాను అందరికీ వినబడేలా.

"పైర్ పే! పైర్ పే!"

"కాళ్ళ మీద కొడతాడు. ఇక ఆ కాలు పనిచెయ్యదు."

"ఛోడ్ నహీ రహా!"

"పట్టుకుంటే వదలడు. గెలుపు ఎర్రవాడిదే, రాసుకోండి."

అందరూ ముందుకి వంగారు. టీవీలో ఇద్దరూ కంచెకి ఆనుకుని, చాలాకాలానికి కలిసిన తోడల్లుళ్ళలా కావలించుకుని నిలబడ్డారు. అరనిమిషం అయింది. నిమిషం అయింది.

"ఏదీ?" అన్నారు పోలయ్య.

"వస్తోంది. నెట్టు కొంచెం స్లో."

వచ్చింది నెట్టు కాదు, రాకేష్ భయ్యా. ఒంటికాలి మీద గెంతుతూ, చేతిలో చెప్పుతో తలుపు తోసుకొచ్చాడు. పాదం బన్నురొట్టెలా ఉబ్బింది.

"భయ్యా, జానెడు నల్ల కాళ్ళజెర్రి కరిచింది. కొట్టమని బీవీకి చెబుతూ ఇత్నా అరిచాను, ఒక్కరూ రారేంటి? హర్ సండే నేను అరవగానే వినేసి మామగారికి చెబుతావ్ కదా, ఆజ్ క్యా హువా?"

నొప్పితో ఉన్నాడేమో, ఇంజను చెవులకి కూడా వినబడేటట్టు అడిగాడు.

మామగారు ముందు అతని కాలు వేడినీళ్ళలో పెట్టించారు. ఓ ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపారు. అప్పుడొచ్చి గోడని చూశారు, నన్ను చూశారు, టీవీ చూశారు. అందులో రిఫరీ నల్ల నిక్కరువాడి చెయ్యి పైకెత్తుతున్నాడు.

"అన్నీ ఉన్నాయి గానీ నూకరాజూ, అల్లుడి నోట్లో శనుంది" అన్నారు పోలయ్య.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "తప్పు నాది మామయ్యా. నా మీసం తీయించుకుంటాను" అన్నాను.

ఆయన నా పైపెదవిని కాసేపు పరీక్షగా చూశారు. "తీసినా తెలవదు" అన్నారు.

మాటంటే మాటే. గంట తరవాత అందరం జంగ్లీఘాట్ మంగలిషాపులో ఉన్నాం. నురగ పూశారు. కత్తి దగ్గరికొచ్చింది. మామగారు చెయ్యెత్తి దాన్ని ఆపి, అద్దంలోంచి నన్ను చూశారు.

"అల్లుడూ."

"మామయ్యా."

"ఇది మల్లీ ఎప్పటికొత్తాదో, అది కూడా సెప్పీ."

అక్కడే, ఆ కత్తి సాక్షిగా ఒట్టేసుకున్నాను. జరగబోయేది ఏదీ ఈ నోటితో చెప్పను. ఫైటు అయిపోయి, ఓడినవాడు ఇంటికెళ్ళి పడుకున్నా సరే, గెలిచిందెవరో చెప్పను. మొన్న ఆఫీసులో ఒకాయన, "రేపు చెన్నై ఓడ వస్తుందా?" అని అడిగాడు.

"దిగినవాళ్ళని అడిగి చెబుతాను" అన్నాను.